బావ చేసిన కనెక్టర్

యూనివర్సిటీ క్యాంపస్, హైదరాబాద్
జూలై మొదటి వారం

బామ్మర్ది పరశురాంకు,

నీ బావ రత్నాకర్ రాసేది. నన్ను చూసి ఎంతైనా నవ్వుకో గానీ, ఈ ఉత్తరంతో వచ్చిన పార్సిల్‌ను మాత్రం నవ్వకుండా విప్పు. అందులో పాత చీర ముక్కల్లో చుట్టిన నాలుగు ఉక్కు ముక్కలున్నాయి. చీర మీ అక్కది. అడగకుండా చింపాను, ఆ సంగతి ఇంకా బయటపడలేదు.

అవి నా కనెక్టర్లు. మెకానికల్ డిపార్ట్‌మెంటులో ఇన్నేళ్లుగా మెషీన్ డ్రాయింగ్ చెబుతున్నాను. బోర్డు మీద గీసిన బోల్టులకు లెక్కే లేదు. నా చేత్తో నిజంగా బిగించింది మాత్రం మా వంటింటి కుళాయి ఒక్కటే, అది కారుతుంది. పిల్లలు నన్ను 'చాక్‌పీసు ఇంజనీరు' అంటారని నాకు తెలుసు. తెలియనట్టు నటించడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

మా హెడ్ గారు "ఇది దేనికయ్యా?" అని అడిగితే ఇలా చెప్పాను. నూనె బావి తవ్వాక మట్టి కూలకుండా లోపలికి ఇనుప గొట్టం దించి, చుట్టూ సిమెంటు పోస్తారు. అప్పుడు నూనె గొట్టం బయట ఉండిపోతుంది. అందుకని మందుగుళ్లు నింపిన పొడవాటి పైపును అడుగుదాకా దించి, పైనుంచి కరెంటు పంపి పేలుస్తారు. గొట్టానికి చిల్లులు పడి నూనె లోపలికి వస్తుంది. ఆ పైపును గన్ అంటారు. ఒక్కటి చాలదు గనక ఒకదాని కింద ఒకటి తగిలిస్తారు. రెండు గన్‌లను కలిపేదే కనెక్టర్. అది కింది గన్ బరువు మోయాలి, కరెంటునూ దాటించాలి. మా బామ్మర్ది లాంటివాళ్లు ఇప్పటిదాకా వైర్లు మెలిపెట్టి, టేపు చుట్టి ఆ కరెంటు దాటిస్తున్నారు. నా దాంట్లో వైరే లేదు. మరలు తిప్పి బిగిస్తే లోపలి స్ప్రింగు పిన్ను వెళ్లి అవతలి రేకును తాకుతుంది, అంతే.

హెడ్ గారు అంతా శ్రద్ధగా విని, "మన హాస్టల్ బోరుకు పనికొస్తదా?" అన్నారు.

పరీక్షలు అన్నీ చేశాను. మరిగే నూనెలో వేశాను. అటెండరు వాసన చూసి, "మిర్చీలా సార్?" అని లోపలికి వచ్చాడు. బల్ల మీద పడుకోబెట్టి కుదిపాను, సుత్తితో కొట్టాను. కరెంటు దాటుతోందో లేదో చూపే మీటర్ చెక్కుచెదరలేదు. ఇక మీ మేనేజర్‌ను ఒప్పించి ఏదో ఒక బావిలో వేసి చూడు. రిటైరయ్యేలోపు నా చేతి వస్తువు ఒక్కటైనా పనిలోకి దిగిందని చెప్పుకోవాలని ఉంది. ఈ మాట ఇంకెవరితోనూ అనలేదు.

జవాబు డిపార్ట్‌మెంటుకే రాయి. ఇంట్లో నీ ఫోన్ వస్తే మీ అక్క సుధామయి స్పీకర్ పెట్టిస్తుంది. నువ్వు అక్కడ ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటావని ఆమె నమ్మకం. ఆ అబద్ధం నువ్వు చెప్పావు, కాపలా నేను కాస్తున్నాను.

నీ బావ,
రత్నాకర్


మెహసానా దగ్గర, క్యాంపు, గుజరాత్
జూలై చివర

బావకు,

పార్సిల్ అందింది. చీర ముక్కలు చూసి మావాళ్లు, సారె వచ్చిందా అని అడిగారు.

పెన్ను పట్టి రాసి ఎంత కాలమైందో, నా అక్షరాలు నాకే పరాయివాళ్లవిలా ఉన్నాయి. ఫోన్ కన్నా ఉత్తరమే మేలన్నది మాత్రం నిజం. గన్ పని ఉన్న రోజు ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో వేసి రావాలి. గన్‌ను పేల్చే డెటొనేటర్‌కు చిటికెడు కరెంటు చాలు, ఫోన్ సిగ్నల్‌ను కూడా నమ్మం. ఎవరి ఇంటి నుంచో "తిన్నవా?" అని ఫోన్ రావడం, ఆ దెబ్బకు మేమంతా పోవడం బాగుండదు కదా.

నీ కనెక్టర్ సంగతికి వస్తే, వర్క్‌షాప్ పరీక్ష రెండుసార్లు తప్పినవాణ్ణి నేను మెచ్చుకుంటే నీకేం లాభం గానీ, మెచ్చుకుంటున్నాను. మందుగుళ్లు లేని ఖాళీ గన్‌లు రెండు తీసుకుని బిగించి చూశాం. నేను టేపు చివర ఎక్కడుందో గోటితో వెతుక్కునేలోపు మా గిరీష్ రెండూ కలిపేశాడు. గిరీష్ అంటే నా తోటి ఇంజనీరు, కర్నూలు వైపు వాడు. మొన్నే ఆడపిల్ల పుట్టింది. ఎండలో, చెమట చేతులతో ఆ వైర్లు చుట్టడం మా ఇద్దరికీ ప్రాణం మీదికి వచ్చే పని.

మేనేజర్ రాథోడ్ సాబ్ చూసి, ఎవరు చేశారని అడిగారు. "మా బావ" అన్నాను. "నేను కంపెనీ పేరు అడిగాను, చుట్టరికం కాదు" అన్నారు. అయినా వచ్చే నెల ఒక బావిలో వేసి చూద్దామన్నారు. గన్ దగ్గర పని నాదే గనక సంతకం కూడా నాదే.

అక్క అడిగితే ఏసీ బాగా చల్లగా ఉందని చెప్పు.

పరశురాం


మెహసానా క్యాంపు
ఆగస్టు చివర

బావకు,

పేలలేదు.

కంగారు పడకు. కింద దాకా దించాం, కరెంటు పంపాం, ఏమీ కాలేదు. మళ్లీ పంపాం. కాలేదు. పైకి లాగాం, విప్పాం. అందరం బాగున్నాం. నీ కనెక్టర్‌లో లోపమేమీ లేదు. నేనే సరిగ్గా బిగించలేదు. రాథోడ్ సాబ్‌కు కూడా అదే చెప్పాను, ఆ మాటే రాసుకున్నారు.

శిక్షగా నన్ను స్టోర్‌లో వేశారు. రబ్బరు రింగులు, బోల్టులు, గ్రీజు డబ్బాలు నా రాజ్యం. ఫ్యాన్ ఉంది. మజ్జిగ వేళకు వస్తుంది, లావెక్కుతున్నాను. ఇంతకాలం అక్కకు చెప్పిన అబద్ధం సగం నిజమైంది, నీడపట్టున కూర్చునే ఉద్యోగమే ఇప్పుడు.

రెండో ట్రయల్ కూడా ఉంటుందట. మిగతా కనెక్టర్లతో గిరీష్ చేస్తాడు. నీ పేరుకేం ఢోకా లేదు. ఆ సంగతి ఇక వదిలెయ్యి.

పరశురాం


యూనివర్సిటీ క్యాంపస్
సెప్టెంబర్

పరశురాంకు,

నీ ఉత్తరం మొదటి మాట చదివి కుర్చీలో కూలబడ్డాను. 'నేనే సరిగ్గా బిగించలేదు' అన్నచోటికి వచ్చేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. దాచి ఏం లాభం, సంతోషించాను. బామ్మర్ది ఉద్యోగం ఊడినంత పనైతే, తన ఇనుప ముక్క నిర్దోషి అని మురిసిపోయిన బావను ఎక్కడైనా చూశావా? లేచి వెళ్లి క్యాంటీన్‌లో టీ కూడా తాగాను. ఆ టీ తాగుతుండగానే అనుమానం వచ్చింది.

నువ్వు సరిగ్గా బిగించకపోవడమేమిటి? మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు మూత పెట్టిన ఆవకాయ సీసా తీయడానికి పక్కింటి లక్ష్మీనర్సయ్య గారిని పిలుచుకొచ్చాం. ఆయన వల్లా కాలేదు.

కాబట్టి అడిగినదానికి జవాబు రాయి. గన్‌లు కలిపాక మీటర్ పెట్టి చూశారా? అప్పుడేం చూపింది? ఎప్పుడు పోయింది?

నిన్ను స్టోర్‌లో వేశారని మీ అక్కకు చెప్పాను. ఏసీ గది నుంచి స్టోర్‌కు మార్చారని కొంచెం నొచ్చుకుంది గానీ, "కూసునే పనే కదా, మంచిదే" అని స్వీట్లు తెప్పించింది. నేనూ తిన్నాను. సిగ్గు లేదనుకో.

రత్నాకర్


మెహసానా క్యాంపు
సెప్టెంబర్ చివర

బావకు,

నువ్వు నీ విద్యార్థులను కూడా ఇలాగే పీడిస్తావా?

బయట స్టాండ్ మీద పడుకోబెట్టి కలిపినప్పుడు మీటర్ బాగానే చూపింది. అన్నీ తగిలించి బావిలోకి దించాక ఏమీ చూపలేదు. పైకి తీసి మళ్లీ పడుకోబెట్టి, విప్పే ముందు చూస్తే మళ్లీ బాగానే ఉంది. దెయ్యం పట్టిందేమో. నా బిగింపే తప్పని రాసిచ్చాను, పని అయిపోయింది.

రెండో ట్రయల్ దసరా తర్వాత పెట్టారు. స్టోర్‌లో నాకు బాగుంది. దయచేసి తవ్వకు.

పరశురాం


తార్నాక
అక్టోబర్ మొదటి వారం

పరశురాంకు,

ఈ ఉత్తరం ఇంటి నుంచే రాస్తున్నాను. కాపలా ఉద్యోగం పోయింది.

నీ ఉత్తరంలో 'పడుకోబెట్టి' అన్న మాట రెండుసార్లు ఉంది. చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే నేను కూడా అన్ని పరీక్షలూ పడుకోబెట్టే చేశాను. ల్యాబ్‌లో నిలువుగా వేలాడదీయాలంటే పైకప్పుకు కొక్కెం వేయాలి. పాత రాతి కట్టడం, చిల్లు పెట్టాలంటే బిల్డింగ్ సెక్షన్‌కు ఫైలు పంపాలి, కమిటీ వచ్చి చూడాలి. ఒకసారి వెళ్లాను. గుమాస్తా భోజనానికి పోయాడు. ఉక్కు పడుకుంటే ఒకటి, నిలబడితే ఒకటి ఉంటుందా అనుకుని తిరిగొచ్చేశాను. బావిలో గన్ వేలాడుతుందని తెలిసీ, పడుకోబెట్టి పరీక్ష చేసిన మేధావిని నేను.

ఆదివారం మీ అక్క రామంతాపూర్‌లో ఎవరిదో సీమంతానికి వెళ్లింది. హాల్లో ఉయ్యాల విప్పేసి, ఆ కొక్కేనికి రెండు పైపు ముక్కలు వేలాడదీశాను. మధ్యలో నా దగ్గర ఉంచుకున్న ఇంకో కనెక్టర్. పై పైపుకు మీటర్ తగిలించి, కింది పైపుకు బియ్యం బస్తా కట్టాను. మీటర్ బాగానే ఉంది. గ్యాస్ సిలిండర్ కూడా కట్టాను. మీటర్ చచ్చిపోయింది. సిలిండర్ విప్పితే బతికింది. మళ్లీ కడితే మళ్లీ పోయింది. మరలు ఎంత బిగించినా వాటి మధ్య కొంచెం వదులు ఉండనే ఉంటుంది. బరువు లాగితే రెండు పైపులూ వెంట్రుకంత ఎడంగా జరుగుతాయి. నా పిన్ను పొట్టిది, ఆ వెంట్రుకంత దూరం అందుకోలేదు. మీ గన్‌ల బరువు నా సిలిండర్‌కు ఎన్ని రెట్లో నీకే తెలుసు. తప్పు నీ చేతిది కాదు, నా గీతది.

సరిగ్గా అప్పుడే మీ అక్క లోపలికి వచ్చింది.

"ఏంది గిది? ఉయ్యాల ఏడ పెట్టినవ్? సిలిండర్‌కు ఉరేసినవేంది? గా కట్టింది నా చీర కాదా?"

పిల్లల ప్రాజెక్టు అన్నాను. నా అబద్ధం నాకే నప్పలేదు. అన్నీ చెప్పాను. గన్, మందుగుళ్లు, కరెంటు, అన్నీ. ఆమె పర్సు కూడా కింద పెట్టకుండా విన్నది.

"పేలకుంటే ఏమైతది?"

"పైకి తీయాలె."

"మందు అట్లనే ఉంటది కదా. ఎవరు తీస్తరు?"

నేను మీటర్ తీగ చుట్టసాగాను.

"మావోడేనా?"

అప్పుడు కూర్చుంది. పర్సు కింద పెట్టింది. తర్వాత, "తప్పు నీదైతే వాని మీద ఎందుకున్నది?" అన్నది. మీ మేనేజర్‌కు రాస్తాను అన్నాను. "రాస్తే వాణ్ణి మళ్ల గా పనికే తోలుతరు కదా?" అన్నది. అవునన్నాను. లేచి వంటింట్లోకి వెళ్లింది. ఏడ్చిందని నాకు తెలుసు, వెళ్లే ధైర్యం లేక బియ్యం బస్తా విప్పుతూ నిలబడ్డాను. బయటికి వచ్చి ఒకే మాట అన్నది.

"రాయకుంటే ఇంకొకల్ల కొడుకు తీయాలె దాన్ని. రాయి."

రాథోడ్ గారికి రాసి పంపాను. లోపం డిజైన్‌లో ఉందని, పరశురాం బిగింపులో ఏ తప్పూ లేదని, రెండో ట్రయల్ ఆపమని రాశాను. నీ పని నీకు ఇమ్మని కూడా రాశాను. నువ్వు నా కోసం నింద మోశావు. నీ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

రత్నాకర్


మెహసానా క్యాంపు
అక్టోబర్ మూడో వారం

బావకు,

నీ ఉత్తరం చదివి నీ మీద పట్టరాని కోపం వచ్చింది. చించేద్దామనుకున్నాను. తవ్వకు అని చెప్పానా లేదా?

ట్రయల్ ఆపేశారు, అది మంచిదే. రాథోడ్ సాబ్ నన్ను పిలిచి భుజం తట్టారు. చుట్టరికం అంటే ఇదయ్యా అన్నారు. వచ్చే నెల నుంచి మళ్లీ గన్ దగ్గరికే రమ్మన్నారు. అందరూ చేతులు కలిపారు. నేను స్టోర్‌కు వెళ్లి తలుపేసుకుని కూర్చున్నాను.

నేను నీ కోసం త్యాగం చేశానని నువ్వు అనుకుంటున్నావు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను, వినడానికి బాగుంటుంది కదా. జరిగింది ఇది. పేలని గన్ పైకి వచ్చాక అందరూ దూరం వెళ్లిపోతారు. ఒక్కడు దగ్గరికి వెళ్లి డెటొనేటర్ విడదీయాలి. ఆ ఒక్కణ్ణీ నేనే. ఇన్నేళ్లుగా గన్‌లు కలుపుతున్నాను, పేలకుండా తిరిగొచ్చినదాని ముందు కూర్చోవడం అదే మొదటిసారి. రెండు వైర్లు విప్పాలి, అంతే. నా వేళ్లు నా మాట వినలేదు. వణుకుతూనే ఉన్నాయి. ఒక వైరు విప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయి, ఎప్పటికో రెండోది విప్పాను. దూరం నుంచి మావాళ్లు నేనేదో జాగ్రత్తగా పరీక్షిస్తున్నాననుకున్నారట. ఎంత నిదానం, ఎంత ఓర్పు అని తర్వాత మెచ్చుకున్నారు.

ఆఫీసులో ఏం జరిగిందని రాథోడ్ సాబ్ అడిగితే, "నేనే సరిగ్గా బిగించలేదు" అని నోటికి వచ్చేసింది. అంటే స్టోర్‌లో వేస్తారని నాకు తెలుసు బావా. భయమేస్తోందని చెప్పడం కన్నా చేతకాలేదని చెప్పడం సులువనిపించింది. స్టోర్‌లో ఉన్న రోజులన్నీ హాయిగా నిద్రపోయాను. నువ్వు వచ్చి నా నిర్దోషిత్వం నిరూపించావు. ఇప్పుడు నేనెక్కడ దాక్కోవాలి?

పరశురాం


తార్నాక
అక్టోబర్ చివర

పరశురాంకు,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. కోప్పడకు, ఇక ఈ ఇంట్లో నేను దేన్నీ ఒంటరిగా దాచలేను. సగం చదివి కాగితం ఆమె చేతికిచ్చేశాను. మిగతాది ఆమే చదువుకుంది.

"దీపావళికి కాకరొత్తి సుత నా చేతికిచ్చి వెనుక నిలబడేటోడు. గిసోంటోనికి గా కొలువు ఎవడిచ్చిండు?" అన్నది. తర్వాత, "భయమైతుందని నీతోనన్న అన్నడు సూడు, గది చాలు" అని కళ్లు తుడుచుకుంది. నాతో మాత్రం ఇంకా పొడిపొడిగానే మాట్లాడుతోంది. న్యాయమే.

నేను ఇంజనీరుగా సలహా చెప్పే అర్హత పోగొట్టుకున్నాను గనక బావగా చెబుతున్నాను. నాకు రాసినదే రాథోడ్ గారికి చెప్పు. వణికే చేతులతో గన్ దగ్గరికి వెళ్లకు. ఆయన ఉద్యోగం తీసేస్తే తార్నాకకు వచ్చెయ్యి. మా కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

కనెక్టర్ల బొమ్మలన్నీ బీరువాలో పడేశాను. హెడ్ గారు, "పోనీ బోరుకన్నా..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశారు.

రత్నాకర్


మెహసానా క్యాంపు
నవంబర్ చివర

బావకు, అక్కకు,

ఇద్దరికీ కలిపే రాస్తున్నాను, ఎలాగూ ఇద్దరూ చదువుతారు.

రాథోడ్ సాబ్‌కు చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో గదిలో అద్దం ముందు సాధన కూడా చేశాను. తీరా ఆయన ముందు, "సాబ్, నాకు భయమైతున్నది" అని తెలుగులో అనేశాను. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నా చేతులు చూసి తెలుసుకున్నారు. కూర్చోమని నీళ్లిచ్చారు. ఉద్యోగం తీసేయలేదు. గన్‌ను దించే బండిలో మీటర్ల ముందు వేశారు. అక్కా, ఆ బండిలో నిజంగానే ఏసీ ఉంది. ఈసారి అబద్ధం కాదు.

గన్ దగ్గరి పని గిరీష్‌కు ఇచ్చారు. నువ్వు ట్రయల్ ఆపించావు గనక పాత పద్ధతే, వైర్లు, టేపు.

నిన్న వాడికి మొదటి బావి. డెటొనేటర్ కలిపే వేళకు అందరం దూరం వచ్చేశాం. బండిలో కూర్చోలేక కిందికి దిగి నిలబడ్డాను. ఇన్నేళ్లలో గన్ ముందు ఒంటరిగా కూర్చున్న మనిషిని ఇవతల నుంచి చూడడం నాకు అదే మొదలు. వాడు వంగి వైర్లు చుట్టుకుంటున్నాడు. టేపు తెగింది కాబోలు, మళ్లీ మొదలుపెట్టాడు. వీపు తప్ప ఏమీ కనబడదు. దగ్గర ఉంటేనే వణుకుతాయనుకున్నాను, దూరంగా ఉన్నా నా చేతులు అలాగే వణికాయి. జేబుల్లో పెట్టుకున్నాను. నాకు వచ్చిన పనే, నా బదులు వాడు చేస్తున్నాడు.

వాడు లేచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఆ తర్వాత అంతా సరిగ్గానే పేలింది.

బావా, ఆ బొమ్మలు బీరువాలోంచి తియ్యి. నీ పేరు కోసం కాదు, నా కోసం కూడా కాదు. ఎల్లుండి వాడికి ఇంకో బావి ఉంది, ఆ తర్వాత ఇంకోటి. ఆ వైర్లు చుట్టడానికి చాలాసేపు పడుతోంది. పిన్ను త్వరగా పొడుగు చెయ్యి.

పరశురాం